యాభై ఒకటో విస్తరి

ఇది ఎప్పుడో రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. నలభై దాటాక పలక పట్టాను. ఎందుకు పట్టానో చెప్పాలంటే ఈ సంగతే చెప్పాలి.

రెండు వేల మూడులో అనంతగిరి కొండల్లో మా ఊరి ఆడవాళ్ళం అడ్డాకులు కోసి, ఆరబెట్టి, వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టేవాళ్ళం. సరుకు చూసి పంపడం నా పని. సంతల్లోనే అమ్ముకునే మా దగ్గరికి ఆ ఏడు మలేషియా నుంచి రామ్మూర్తి గారు వచ్చారు. ఆయన ముత్తాత సాలూరు దగ్గరి పల్లె నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కాడట. అక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో మన ఆకులోనే వడ్డించాలని ఆయన కోరిక. మొదటి సరుకు సవ్యంగా చేరితే, తోటి వ్యాపారులతో కలిసి మాకు ప్రెస్ మిషన్ పెట్టిస్తామన్నారు. ఆకుని వేడితో పళ్ళెంలా అదిమే యంత్రం అది.

సరుకుతో ప్యాకింగ్ లిస్టు వెళ్ళాలి. ఏ పెట్టెలో ఏముందో చెప్పే కాగితం. పట్నం ఏజెంటు టైపు చేయించి తెచ్చాడు. ఏం రాశావని అడగడానికి సిగ్గుపడి వేలిముద్ర వేసేశాను.

మూడు వారాలకి బడ్డీ కొట్టుకి రామ్మూర్తి గారి ఫోనొచ్చింది.

"ఏటమ్మా, కాయితంలో కట్టకి యాబై అని ఉంది, ఇప్పితే యాబై ఒకటి! కస్టమ్సోళ్ళు పెట్టెలన్నీ ఆపేసినారు. నా తోటోళ్ళు అప్పుడే ఎనక్కి తగ్గుతున్నారు."

అక్కడి గోదాములో చెమ్మ తగిలితే ఆకు బూజు పట్టేస్తుంది. కట్టలు కట్టే సన్యాసమ్మత్త దగ్గరికి పరుగెత్తాను.

"అత్తా, కట్టకి ఎన్నేసి ఎట్టినావు?"

"యాబై. మీద ఒకటి కొసరు."

"కొసరెందుకత్తా!"

"కొసరెయ్యకుండా కట్ట కడతారేటి? సంతలో మొకం ఎలా సూపిత్తావు?"

"అది సంత కాదు, పరాయి దేశం!"

"అయితే ఏటి? ఆళ్ళు ఇంకో ముద్ద తినరేటి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాగితం మీద వేలు నాది.

రామ్మూర్తి గారికి ఫోను చేసి చెప్పాను.

"కొసరా! మా నానమ్మ అనీది ఆ మాట. ఈళ్ళకి నేను సెప్తాను, నువ్వు బెంగెట్టుకోకు."

బెంగ ఎక్కడికి పోతుంది? నాలుగు రోజులు బడ్డీ కొట్టు ముందే కూర్చున్నాను. ఆయన ఆ దేశపు భాషలో అర్జీ రాసి, తన పూచీ మీద పెట్టెలు విడిపించారు. రెండు పెట్టెలు బూజుకి పోయాయి. మిషన్‌కి తోటివాళ్ళు ఒప్పుకున్నారు గానీ, "ఇకమీదట కాయితమూ కట్టా ఒకే మాట సెప్పాల" అన్నారు.

అప్పటిదాకా మా ఆకు మంచిదని కొన్నారనుకున్నాను. నిజానికి కొసరన్న మాట అక్కడా ఇక్కడా తెలిసిన మనిషి ఒకరు మధ్యలో ఉండబట్టి ఆ వ్యాపారం నిలిచింది. ప్రతిసారీ ఆయన్నే అడ్డం పెట్టలేం కదా.

సన్యాసమ్మత్త మాత్రం కొసరు మాననంది.

మర్నాడు పొద్దున్నే రెండో సరుకుకి ఆవిడ అప్పటికే కట్టిన కట్టలు విప్పించి, యాభై చొప్పున కట్టించాను. కొసరు విస్తళ్ళన్నీ వేరే పెట్టెలో వేయించి, వాటి లెక్క కూడా కాగితంలో రాయమని ఏజెంటుకి కబురు పెట్టాను. తర్వాత బడి పంతులమ్మ చేత పలక మీద ఒక మాట రాయించుకుని, దాన్ని చూసుకుంటూ ఆ పెట్టె మీద బొగ్గుతో దిద్దాను: కొసరు.

నేను రాసిన మొదటి మాట అదే.