అమ్మకానికి లేని మగబాతు

అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి. గీసి గీసి బేరమాడి, చివరికి అవతలివాడి డబ్బులతోనే టీ తాగి వచ్చే ఘనుణ్ణి. అలాంటి నేను నిన్న, అడిగిన ధర చేతిలో పెట్టబోయినవాణ్ణి ఉత్త చేతులతో పంపేశాను. తెలివితక్కువ పనే, గర్వంగానే చెబుతున్నాను. వచ్చినవాడు మా చెల్లెలి మొగుడు. ఇంట్లో విందుకి మా పెరట్లోని పెద్ద మగబాతే కావాలన్నాడు. నేను కుదరదన్నాను.

"ఏటి బావా, బాతుకి సంబంధాలు సూస్తన్నావా?" అన్నాడు.

సరిగ్గా అదే చూస్తున్నాను. పెట్టల గోల మధ్య ఆ మగబాతు బొంగురు గొంతు వినపడినప్పుడల్లా నాకు సత్యవతి డాక్టరమ్మ గుర్తొస్తుంది.

ఆవిడ పశువుల డాక్టరుగా రిటైరై, గజపతినగరం దగ్గర ఒక చెరువు పక్కన గోధుమరంగు నాటు బాతులు పెంచేది. మా నాన్న కొట్టు మూతపడ్డాక నన్ను అమ్మకాల పనిలో పెట్టుకుంది. మొదటి సంతకి నేను మా ఇంటి పద్ధతిలోనే బుట్టలు సర్దాను. మేలు సరుకు ముందు వరసలో ఉండాలని నాన్న నేర్పాడు మరి. డాక్టరమ్మ వచ్చి ఒక్కొక్కదాని ఎదమీద చెయ్యివేసి చూసి, అన్నిటికంటే నిండుగా ఉన్న మగబాతుని తీసి మళ్లీ షెడ్డులో వదిలేసింది. మంచి బేరం పోయిందని గొణిగాను.

"ఒరే శంకరా, నీ కొట్లో బెల్లం దిమ్మ ఇంకో దిమ్మని కంటాదా? ఇది కంటాది. మంచిదాన్ని నువ్వమ్మేస్తే, ఎవడూ కొననిది ఇంటికొస్తాది. రేపు పిల్లలకి అదే తండ్రవుతాది."

మా వైపు జరిగేది అదే. బలిసినవి అమ్మేయడం, తిరిగొచ్చిన బక్కదాన్ని పెట్టల్లోకి వదలడం, ఏటేటా బాతులు చిన్నవైపోతున్నాయని మేతని తిట్టడం. నేనూ మేతనే తిట్టాను. అయితే తేల్చుకుందామంది ఆవిడ. నిండు మగబాతుతో కొన్ని పెట్టల్ని, బక్కదానితో కొన్నిటిని విడిగా ఉంచింది. పుట్టిన పిల్లల కాళ్లకి రెండు రంగుల పొందూరు నూలు కట్టించి, ఒకే తవుడు పెట్టి, ఒకే నీళ్లలో వదిలింది. ఎదిగాక నా చేతనే తడిమించింది. బక్కదాని పిల్లల్లో చాలావాటికి రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. నిండుదాని పిల్లల్లో ఎముక కోసం వేలితో వెతకాల్సి వచ్చింది. అన్నీ అలా లేవు, కొన్ని బక్కవే. మోసం పట్టుకున్నట్టు వాటిని ఎత్తి చూపించాను. ఆవిడ నవ్వి, పెట్ట వాటా కూడా ఉంటుంది కదా అంది. మేత కడుపు నింపుతుందట, ఆ మేతలో ఎంత ఎదమీద మాంసంగా పట్టాలో, ఎంత చర్మం కింద కొవ్వుగా చేరాలో చాలామటుకు తల్లీ తండ్రీ ఇచ్చిన జన్యువులు చెబుతాయట.

తర్వాత మా బాతుల మాంసం కొనే హోటలాయన వచ్చాడు. నాటువి తీసేసి, తొందరగా బరువెక్కే తెల్ల బాతులు పెట్టకపోతే కొనడం మానేస్తానన్నాడు. సరే అనెయ్యమని డాక్టరమ్మకి చెప్పాను. ధర పెంచమని అడిగే మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"తెల్లవాటిని నేనేటీ అనట్లేదు. మనయి పోతే, వీటిలో ఉన్నది మళ్లీ ఏ సంతలో కొంటావు, సెప్పు?" అంది ఆవిడ.

జిల్లాలోని సంతలన్నీ వేళ్లమీద లెక్కపెట్టాను, ఏ సంతలోనూ అది దొరకదు. హోటలాయన మానేశాడు. ఆ ఏడాది జీతం ఆలస్యమైనప్పుడల్లా అలిగాను, వేరే పని మాత్రం వెతుక్కోలేదు.

ఆవిడ పోయాక బాతులు నా పెరట్లోకి వచ్చాయి. నిన్నటి మగబాతు ఆ షెడ్డులోకి తిరిగి వెళ్లినదాని సంతానమే.

ఇక లెక్క. బావ అలిగి వెళ్లాడు. చెల్లెలు ఫోనెత్తడం లేదు. ఈ మగబాతు ముదిరాక దాని మాంసం నమిలేవాడు దొరకడు. దాని పిల్లల్లోనూ కొన్ని బక్కగానే ఎదుగుతాయి. ఇదంతా నష్టమే, దాచను. రాబడి వైపు ఒక్కటే ఉంది. పొద్దున దాని పిల్లల్లో ఎదిగినదాన్ని ఒకదాన్ని పట్టుకుని ఎదమీద చెయ్యివేశాను. ఎముక తగల్లేదు.