పది వరుసల కోసం శామీర్‌పేట దాకా

ఈ ప్రయాణం గురించి రాసిపెట్టక తప్పదు. సూరారంలో మా కాలనీ గ్రంథాలయం గోడపత్రిక మీద మూడు వారాలుగా నా పేరుతో ఒక వ్యాసం ఉంది. "కొన్ని వీడియో గేములు ఎందుకంత గొప్పవి?" అని దాని శీర్షిక. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. ఇద్దరైతే ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నారు. అందులో సగం తెలియక రాశానని ఇప్పుడు తెలిసింది. గోడ మీద తప్పు రాసినవాళ్లు దిద్దుబాటు కూడా గోడ మీదే పెట్టాలి. అందుకే ఇది.

నేను బ్లౌజులు కుడతాను. బడి ఏడో తరగతితో ఆగిపోయింది, మిగతా చదువంతా ఆ గ్రంథాలయంలోనే. తేనెటీగల గురించి, అగ్నిపర్వతాల గురించి, పాత కోటల నీటి కాలువల గురించి అక్కడే చదివాను. ఈ మధ్య వీడియో గేముల చరిత్ర ఒకటి దొరికితే రెండుసార్లు చదివి, నోటుపుస్తకంలో పద్నాలుగు పేజీలు ఎక్కించుకున్నాను. అన్నిటిలో నాకు నచ్చింది ముక్కలు పడే ఆట. నాలుగేసి గళ్ల ముక్కలు ఒక్కొక్కటే పైనుంచి దిగుతుంటాయి. వాటిని తిప్పి, పక్కకు జరిపి, సందు లేకుండా పేర్చాలి. అడ్డంగా ఒక వరుస నిండితే అది మాయమవుతుంది. సందులు మిగిలితే గుట్ట పెరిగి పైకి తగులుతుంది, ఆట అయిపోతుంది. అంతే.

పోయిన ఆదివారం పాఠకుల సమావేశంలో ఆ వ్యాసం చదివాను. తుర్కపల్లి ల్యాబులో పనిచేసే అనూష లేచింది. భీమవరం వైపు అమ్మాయి, మా పక్క కొత్త కాలనీలో ఉంటుంది.

"చాలా బాగుందండీ. వీటిల్లో మీరు ఎక్కువ ఏది ఆడతారు సుజాతగారూ?"

"ఒక్కటి గూడ ఆడలే" అన్నాను.

గది మొత్తం నవ్వింది. గ్రంథపాలకుడు రామస్వామిగారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకునే వంకతో నవ్వారు. నాకు రోషం వచ్చింది. "వచ్చే ఆదివారం లోపల పది వరుసలు నింపి చూపిస్త. లేకుంటే ఆ వ్యాసం నా చేత్తోనే తీసేస్త" అన్నాను.

"ఫోన్లో కాదండోయ్, పాత మిషన్ మీదే ఆడాలి" అంది అనూష. "సాక్షిగా నేనొస్తా."

పాత మిషన్ ఎక్కడ దొరుకుతుంది? జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన యాదమ్మ చెప్పింది, మేడ్చల్‌లో నర్సింహ అనే ఆయన ఒకప్పుడు వీడియో గేముల దుకాణం నడిపాడని, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడని.

శనివారం పొద్దున ఏడూ నలభైకి సూరారంలో గండిమైసమ్మ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ ఇచ్చింది. గండిమైసమ్మ నుంచి మేడ్చల్‌కు షేర్ ఆటో, ముప్పై రూపాయలు. నా పక్కన తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన, ఒడిలో వెంచర్ల రంగు కాగితాల కట్ట.

"ప్లాటు చూడనీకి పోతున్రా అమ్మా?"

"లేదన్నా, ఆట ఆడనీకి పోతున్న."

"ఆటనా! ఏం ఆట, బతుకమ్మనా? ఇంక నెలలున్నయ్ గదా!"

వీడియో గేమని చెప్తే ఆయన నన్ను కింది నుంచి మీదిదాకా చూశాడు. దిగేటప్పుడు మాత్రం ఒక కాగితం చేతిలో పెట్టి, "గెలిస్తే ఫోన్ జెయ్యి, కార్నర్ బిట్ ఇప్పిస్త" అన్నాడు.

తొమ్మిదింటికి మేడ్చల్. దుకాణం పదింటికి గాని తెరవరని పక్కన చెప్పారు. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీ, ఒక వడ తిన్నాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: చట్నీ ఇంకోసారి అడగండి, విసుక్కోకుండా వేస్తారు. తింటూ నోటుపుస్తకం తీసి ముక్కల బొమ్మలు మళ్లీ వల్లె వేసుకున్నాను. మొత్తం ఏడు రకాలు.

పదీ పావుకు షట్టరు లేచింది. నర్సింహకు నలభై దాటి ఉంటాయి. సంగతి చెప్పగానే చేతిలో ఉన్న ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"ఆ సెట్టు ఇంక ఉన్నదక్కా. గానీ నా దగ్గర లేదు. శామీర్‌పేటల మా అవ్వ దగ్గరున్నది. అమ్ముత అంటే కొట్టనీకి వచ్చింది."

"ఏ ఆట గొప్పదో ఎట్ల తెలుస్తది తమ్మీ?" అని అడిగాను. నా పద్నాలుగు పేజీల్లో దీనికి తొమ్మిది కారణాలున్నాయి. ఆయన ఏమంటాడో చూద్దామని.

"నేను ఏడేండ్లు దుకాణం నడిపిన. ఎన్నో క్యాసెట్లు తెచ్చిన. బొమ్మలు మస్తుగుంటయ్, పోరగాండ్లు ఎగబడ్తరు. ఒక్కసారి ఆఖరిదాకా గెలిసిన్రంటే ఇగ ఎవ్వడు ముట్టడు. ముక్కల ఆటను ఎవ్వడు గెల్వలే. దాన్ని దుకాణం మూసేదాంక అడుగుతనే ఉన్నరు." కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "ఇంకో ఆనవాలున్నదక్కా. బాగలేని ఆటల సస్తే పోరగాండ్లు రిమోటును తిడ్తరు. మంచి ఆటల సస్తే వాళ్ల నెత్తి వాళ్లే కొట్టుకుంటరు."

ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు. నోటుపుస్తకంలో పదిహేనో పేజీ మొదలుపెట్టాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు బస్సులు తక్కువ. ఆటో నిండేదాకా అరగంట కూర్చున్నాను. శామీర్‌పేటలో దిగేసరికి పన్నెండున్నర. అన్నం ముగించుకుని చెరువు గాలికి కాసేపు నిలబడితే, నా ఫోను అందుకుని రెండింటికి అనూష క్యాబు దిగింది. శనివారం ఆమెకు ఒంటిపూట డ్యూటీ. "నోట్సు తెచ్చారా?" అని నవ్వుతూ అడిగింది. సంచి తట్టి చూపించాను.

నర్సింహ తల్లి లచ్చవ్వకు డెబ్బై ఉంటాయి. నర్సింహ ముందే ఫోన్ చేసినట్టున్నాడు, డబ్బా టీవీ అప్పటికే పెట్టి ఉంది. క్యాసెట్టు తీసి, దాని మూతిలో ఉఫ్ఫని రెండుసార్లు ఊది, మళ్లీ పెట్టింది. బొమ్మ వచ్చింది. మధ్యాహ్నం పూట కొడుకు తిండికి పోయినప్పుడు దుకాణంలో కూర్చుని నేర్చుకుందట.

"మీకు చదవడం వచ్చాండీ?" అంది అనూష, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి.

"సదువెందుకు బిడ్డా? సందున్న కాడ ముక్క వెట్టాలె. గిది పసిపిల్లకు గూడ ఎర్కే."

నా వ్యాసంలో 'సులభమైన నియమాలు' అన్న అంశం ఒకటిన్నర పేజీ ఉంది.

నోటుపుస్తకం ఒళ్లో తెరుచుకుని, మీటలున్న ఆట రిమోటు పట్టుకున్నాను. ముక్క వచ్చింది. ఇది ఎన్నో రకమా అని కిందికి చూసి, పైకి చూసేసరికి అది అడ్డంగా పడిపోయింది. ఇంకోటి చూసుకునేలోపు మరోటి పడింది. రెండు వరుసలు నిండాయో లేదో, గుట్ట పైకి తగిలింది. నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. లచ్చవ్వ నా చేతిలోంచి రిమోటు లాగేసుకుంది.

"సచ్చినవ్ గదా, ఇటియ్యి. సచ్చినోళ్లు పక్కోళ్లకియ్యాలె. మా దుకాణంల గదే కాయిదా."

ఆ నియమం తెలియక అనూష ముందు సిగ్గుపడ్డాను. అయితే రిమోటు చేతిలో లేనప్పుడే నాకు ఆట కనబడింది. అవ్వ పడుతున్న ముక్కను చూడటమే లేదు. తెర పక్కన చిన్న గడిలో తర్వాత రాబోయే ముక్క కనబడుతుంది, ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి. ఆమె తర్వాత అనూష ఆడి, మూడు వరుసలకే చచ్చిపోయి, "అయ్యో, ఇదేంటండీ!" అని నాకిచ్చింది. రెండోసారి నాకు ఐదు వరుసలు.

"ఏం పని జేస్తవ్ బిడ్డా?" అంది అవ్వ.

"బ్లౌజులు కుడ్తనవ్వా."

"మరి గుడ్డ మీద ముందు వీపు గీస్తవ్ గదా. చేతులు యాడ వస్తయో సూడకుంటనే కత్తెర వెడ్తవా?"

ఆ మాట అనగానే నోటుపుస్తకం మూసేశాను. ఎనభై సెంటీమీటర్ల గుడ్డలోంచి వీపు, ముందు భాగాలు, చేతులు, పట్టీ అన్నీ తీసేదాన్ని నేను. ఒక ముక్క గీసేటప్పుడే తర్వాతిదానికి చోటు వదలడం ఇరవై ఏళ్లుగా నా పని. మూడోసారి రిమోటు చేతికొచ్చినప్పుడు రాబోయేదాన్నే చూశాను. నాలుగు, ఆరు, ఎనిమిది. అనూష కుర్చీ దగ్గరికి లాక్కుంది. తొమ్మిది. కుడిపక్కన నిలువుగా ఒక్క గడి సందు వదిలి పేర్చుకుంటూ వచ్చాను, పొడుగు ముక్క వస్తే నాలుగు వరుసలు ఒకేసారి పోతాయని. అది రాలేదు. చతురస్రం వచ్చింది, మళ్లీ చతురస్రం. ఆ సందును మామూలు ముక్కతో పూడ్చుకునే వీలు రెండుసార్లు వచ్చినా ఆశతో వదిలేశాను. గుట్ట పైకి తగిలింది.

నాకు తెలియకుండానే నా చెయ్యి నా నెత్తి మీద ఠపీమని పడింది.

లచ్చవ్వ పడీపడీ నవ్వింది. "ఇగ నువ్వు మా దుకాణం మనిషివే!"

"పదికి తొమ్మిదంటే పాసే కదండీ. నేను సాక్షిగా పది అని చెప్పేస్తాలెండి" అంది అనూష.

"ఏందమ్మో, తొమ్మిదంటే తొమ్మిదే" అంది అవ్వ. నేనూ అదే అన్నాను. రిమోటు మర్యాదగా అవ్వకు ఇచ్చేశాను. తర్వాత గంటసేపు ముగ్గురం చస్తూ, పక్కవాళ్లకిస్తూ ఆడాం. పది మాత్రం రాలేదు. మధ్యలో అవ్వ పెట్టిన చాయ్ చల్లారిపోయింది, ఎవరమూ ముట్టుకోలేదు.

నాలుగూ యాభైకి శామీర్‌పేటలో సికింద్రాబాద్ బస్సెక్కాం. తూముకుంట, హకీంపేట దాటేదాకా అనూష కళ్లు మూసుకుని వేళ్లు ఆడిస్తూనే ఉంది. "కళ్లు మూస్తే ముక్కలే పడుతున్నాయండీ" అంది. నాకు కిటికీలోంచి కొత్త అపార్ట్‌మెంట్లన్నీ సందుల్లో సరిపోని ముక్కల్లా కనబడ్డాయి. జూబ్లీ బస్టాండులో మారి, ఏడున్నరకు సూరారం చేరాం.

ఆదివారం ఉదయం గోడపత్రిక మీది నా వ్యాసాన్ని నా చేత్తోనే తీసేశాను. బాధ లేదు. పుస్తకాల్లో ఉన్న తొమ్మిది కారణాలూ అబద్ధమని కాదు. అవి చెప్పనిది ఇదీ: గొప్ప ఆట మనల్ని ముందు కూర్చోబెట్టి, చదువు అడగకుండా పని చేయిస్తుంది. ఓడాక ఎక్కడ తప్పామో మనకే చూపిస్తుంది. రిమోటు పక్కవాళ్ల చేతిలో ఉన్నప్పుడు కూడా నేర్పుతుంది. ఇది తెలియాలంటే ఒక్కసారైనా చావాలి.

ఆ ఖాళీలో ఇది అంటించడానికి ఒప్పుకున్న రామస్వామిగారికి, అడ్రసు చెప్పిన యాదమ్మకు, పదిహేనో పేజీ ఇచ్చిన నర్సింహకు, నవ్వి నన్ను బయల్దేరదీసిన అనూషకు, ఒక్క వరుస కూడా దానం చెయ్యని లచ్చవ్వకు నా కృతజ్ఞతలు. రాని ఆ పొడుగు ముక్కకు కూడా. తప్పు దానిది కాదు, నాది.