కాకెంగిలి జ్వరం

ఈ అలసట పని చేస్తే వచ్చింది కాదు. ఏడో తరగతి మధ్యలోనే బడి మానేసి, మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి పోయినవాణ్ణి. పని అలసట నాకు తెలుసు. అది నిద్రపోతే పోతుంది. ఇది నాకంటే ముందే నిద్ర లేస్తుంది.

ఎడమకాలు తిమ్మిరెక్కి, చూపు మసకబారితే గుంటూరు పోయాం. డాక్టరు స్కానింగు చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే నరాల మీది పొరను కొరుకుతుందట. చదువుకోకపోయినా ఎంత పొడుగు పేరున్న జబ్బు సంపాదించానో చూడమని అమ్మతో అన్నాను. ఆమె నవ్వలేదు.

చిన్నప్పుడు మెడకు బిళ్లలు కట్టి చాలా రోజులు జ్వరం వచ్చిందా అని డాక్టరు అడిగాడు. వచ్చిందంది అమ్మ. అలాంటి జ్వరం తెచ్చే ఒక వైరస్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నట్టుందనీ, అది ఉమ్మి ద్వారా పాకుతుందనీ చెప్పాడు. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదేననీ, ఏ కొద్దిమందికో ఈ జబ్బు ఎందుకొస్తుందో పూర్తిగా తెలియదనీ కూడా చెప్పాడు. ఆ రెండో మాట అమ్మ చెవికెక్కలేదు.

తిరుగు బస్సు వినుకొండ దాటాక నోరు విప్పింది.

"నీకు నేనెప్పుడూ ఎంగిలి పెట్టలేదు నాయనా. బెల్లమైనా, చెనక్కాయల ఉండైనా కొంగు కప్పే కొరికి ఇచ్చినా. అది కాకెంగిలి. ఎంగిలెట్ల అయితది?"

"వైరస్‌కు మన ఆచారాలు ఎవరు చెప్పినారు మా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

మర్నాటి నుంచి తన కంచం, గ్లాసు వేరు చేసుకుంది. నా కూతురికి ముద్దలు కలిపి పెట్టడం మానేసింది. ఆ పిల్ల "అవ్వా" అంటూ కంచం తీసుకొస్తే, "మీయమ్మ పెడతాది పో" అంటుంది. నా కాలి సంగతి కాలు చూసుకుంటుంది. ఇది మాత్రం చూడలేకపోయాను.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూలబడ్డాను.

"బడిలో పలకలు దేంతో తుడిచినాం మా? ఉమ్మితోనే గదా. ఒకరి పలక ఒకరం తుడిచినాం. నీ ఒక్కదాని గొప్పేంది ఇందులో?"

"నన్ను ఊరడించొద్దు."

"ఊరడించే ఓపిక ఏడుంది? చెయ్యి లేస్తల్లేదు. నాకెటూ వచ్చిందిగా, నాకన్నా పెట్టు."

చాలాసేపు నా చేతి వంక చూసింది. లేచి చేతులు కడుక్కుని పప్పన్నం కలిపి నా నోట్లో పెట్టింది. రెండో ముద్దకు నా కూతురు వచ్చి పక్కన నోరు తెరిచింది. అమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ ముద్ద కూడా నాకే పెట్టి, పిల్లకు స్పూను తెమ్మని నా భార్యను కేకేసింది.

నాకు నమలడానికే ఓపిక సరిపోయింది.