పొద్దున వేయించిన చాటింపు

ఈ రోజు గోపాల్‌పేట దగ్గరి ఒక ఊళ్లో మా సంస్థ మానసిక వైద్య శిబిరం పెట్టింది. డాక్టరుగారిని బతిమాలి తీసుకెళ్లాం. పొద్దున్నే చాటింపు వేయించాం. "మానసిక వైద్య శిబిరం" అన్న మాట డప్పు కొట్టే ఆయన నోట పలకలేదు. అందరికీ అర్థమవ్వాలని తన భాషలో వాడవాడా చాటాడు:

"పిచ్చి దవాఖాన డాక్టరు వచ్చిండహో! పిచ్చి లేసినోళ్లుంటే బడికాడికి తోల్కరావాలహో!"

మేం నవ్వుకున్నాం కూడా. మధ్యాహ్నం దాకా బడి వరండాలో మేమే, మా కుర్చీలే. ఒక్కరూ రాలేదు.

సర్దుకుంటుంటే, నీళ్లకు పోతున్నట్టు ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఒకావిడ వచ్చింది. ఆమె భర్త పుణెలో మట్టిపనికి పోయి వచ్చాడట. వచ్చినప్పటి నుంచి నిద్రపోవడం లేదట.

"ఒక్కడే కూసుండి ఏడుస్తుండు సారూ. గోలీలు నాకియ్యుండ్రి, తీస్కపోత" అంది.

"మనిషిని చూడకుండా మందులివ్వరమ్మా. ఒక్కసారి తీసుకురా" అన్నాను.

"ఎట్ల తీస్కస్త? మా ఆయన గూడ ఇన్నడు గద సారూ, పొద్దుగాల డప్పు."

పోనీ మేమే ఇంటికి వస్తామంటే, బెదురుగా చుట్టూ చూసి "వద్దొద్దు" అంటూ ఖాళీ బిందెతోనే వెళ్లిపోయింది.

డప్పాయన మీద కోపం రాబోయి ఆగింది. మనమైనా ఆయనకు మంచి మాట ఏం ఇచ్చాం గనక? జ్వరానికీ మోకాళ్ల నొప్పికీ ఉన్నట్టు ఈ బాధకూ సిగ్గుపడనక్కర్లేని పేరు మీ ఊళ్లో ఉంటే చెప్పండి. వచ్చేసారి అదే చాటిస్తాం.

ఆ ఊళ్లో మాత్రం డప్పు మోగిపోయింది.