తప్పెట దరువు పట్టిన శాక్సోఫోన్

సత్యప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు. డ్యూటీ దిగితే శాక్సోఫోన్ పట్టేవాడు. పెళ్ళి బ్యాండ్లలో సినిమా పాటలు వాయించీ వాయించీ విసుగొచ్చి, తొంభై ఆరులో ఒక పని నెత్తికెత్తుకున్నాడు. శ్రీకాకుళం తప్పెటగుళ్ళ దరువుల్ని శాక్సోఫోన్ మీద పలికించే పద్ధతి కనిపెట్టి, దాన్ని వ్యాసంగా రాసి, దుర్గ్‌లో జరగబోయే సంగీత సభలో చదివి వినిపించాలి. గడువు మూడు వారాలే.

దరువు నోటితో చెప్పగలడు. ఊదితే మాత్రం చప్పగా సాగిపోయేది. వారం గడిచింది, ఒక్క దెబ్బా పలకలేదు.

ఆ ఆదివారం పక్క క్వార్టర్ గున్నమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. అరవై ఏళ్ళ మనిషి. ఆవిడ తండ్రి తప్పెటగుళ్ళ బృందం నడిపాడట.

"ఏటి బాబూ, దెబ్బ కొట్టి దానికి తోక తగిలిస్తన్నావు?"

"తోకేటి పిన్నీ?"

"మా అయ్య గుండెల మీద తప్పెట కట్టి, గెంతుతా వాయించీవోడు. కాలు నేల తాకీసరికి సప్పుడు తెగిపోవాల. నువ్వు కుర్సీలో కూకుని ఊదితే ఎలగొస్తాది? లెగు!"

నవ్వుతూనే లేచాడు. ఆవిడ బకెట్ బోర్లించి దరువు అందుకుంది. అతను ఊదుతూ గెంతాడు. మడమ నేలకు తగలగానే పొట్ట బిగుసుకుంది, నాలుక వెళ్ళి ఊదే మూతిలోని బద్దకి, రీడుకి, అంటుకుంది. స్వరం ఠప్పున తెగింది. అచ్చం తప్పెట దెబ్బే!

"పిన్నీ, మళ్ళీ! ఏక్ బార్ ఔర్!"

వంటింట్లోంచి భార్య నీలిమ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. కింది క్వార్టర్ ధర్మారావు, "పైకప్పు కూలుతుందేటి భయ్యా?" అని దెబ్బలాడ్డానికొచ్చి, మెట్ల మీదే కూలబడి గంటసేపు విన్నాడు.

మిగిలిన రెండు వారాల్లో గెంతకుండానే ఆ తెంపు తేవడం సాధించాడు. ఏ దెబ్బకి పొట్ట ఎంత బిగించాలో, నాలుక ఎక్కడ ఆన్చాలో ముప్ఫై పేజీలు రాశాడు.

సభలో నాలుగు పేజీలు చదివేసరికి జనం ఆవులించారు. కాగితాలు పక్కన పడేసి, తనతో వచ్చి ముందు వరసలో కూర్చున్న గున్నమ్మని వేదిక మీదికి పిలిచాడు. ఆవిడ కొంగు దోపి, బల్ల మీద దరువేసింది. సత్యప్రసాద్ శాక్సోఫోన్ మీద ఆ దరువు అందుకున్నాడు. మూడో ఆవర్తనానికి హాలంతా కాళ్ళు కదుపుతోంది. పెద్దలు రెండోసారి వాయించమన్నారు, ఛత్తీస్‌గఢీ డోలు మాందర్ మీద కూడా ఇలాగే పరిశోధించి రమ్మన్నారు.

పై ఆదివారం తెల్లారకుండానే సత్యప్రసాద్ స్కూటర్‌కి టేప్‌రికార్డర్ కట్టి, మాందర్ వాయించేవాళ్ళని వెతుక్కుంటూ నందిని గనుల వైపు ఊళ్ళకి బయల్దేరాడు. వెనక సీట్లో గున్నమ్మ.

"తొరగా పోనీ బాబూ," అంది.