బావ సంచిలో ముట్టని నీళ్లు

పోయిన నెల ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయినాడమ్మా" అంది. జువ్వలదిన్నె హార్బర్‌లో వలలు సర్దుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. బుచ్చిరెడ్డిపాలెం నుంచి నేను బస్సులో వెళ్లేసరికి వాకిలి నిండా చెప్పులు. నావీ ఓ పక్కన విడిచి లోపలికి పోయాను.

మా బావ బోటు డ్రైవరు. ఊళ్లోవాళ్లు ఆయన్ని సముద్రం మీద చూశారు. నేను ఎక్కువగా చూసింది ఫోన్‌లో ఆడే ఒక ఆటలో. మీరు నవ్వుకున్నా సరే, అదే నిజం. ఎండాకాలం చేపల వేట నిషేధంలో పొద్దుపోక, "నువ్వు ఆడేదేందో నాగ్గూడా నేర్పమ్మా" అని అడిగాడు. ఎవరి ఫోన్‌లో వాళ్లుండి, జట్టుగా ఎడారులూ అడవులూ దాటుకుంటూ పోయే ఆట అది. తిండీ నీళ్లూ మనమే మోసుకోవాలి. సంచిలో ఉండేవి కొన్ని గడులే, ఒకటి పెట్టాలంటే ఇంకొకటి పారేయాలి. నేను కత్తులూ మెరిసే రాళ్లూ కుక్కేదాన్ని. బావ సంచిలో కట్టెలు, తాడు, గాయాలకు గుడ్డలు. "యుద్ధానికి పోతున్నామా, తీర్థానికా?" అని ఏడిపించేదాన్ని. "ఆకలైతే కత్తి తింటావా?" అనేవాడు.

మూల గడిలో మాత్రం ఎప్పుడూ ఒక నీళ్ల సీసా. దాన్ని ముట్టేవాడు కాదు. ఒకసారి ఉప్పు ఎడారిలో నీళ్లు అయిపోయాయి. నేను ఎలాగో బావి దగ్గరికి చేరాను. బావ నడుస్తూ నడుస్తూ పడి చచ్చిపోయాడు. వెనక్కి వెళ్లి చూస్తే సంచిలో సీసా నిండుగా ఉంది!

"నీళ్లు దగ్గర పెట్టుకుని దాహంతో చచ్చిపోయినావేంది బావా!" నాకు నవ్వు ఆగలేదు.

"అవి మనయి కాదమ్మా. దోవలో ఎవురన్నా కనపడితే ఇచ్చేదానికి" అన్నాడు, చిన్నబోయి.

అప్పుడు చెప్పాడు. వాళ్ల బోటులో ఒక నీళ్ల క్యాను వేరుగా కట్టి ఉంటుంది. ఇంజను చెడి కొట్టుకుపోయే బోటు ఎదురైతే ఇవ్వడానికి. ఎవరూ ఎదురుకాకపోతే ఒడ్డుకొచ్చాక ఇసుకలో పారబోస్తారు. పెళ్లికి ముందు బావే అలా కొట్టుకుపోయి, ఎవరో పేరు తెలియనివాళ్ల క్యాను నీళ్లతో బతికాడట. "మిగిలినాయంటే ఆ రోజు అందురూ బాగున్నట్టు" అనేవాడు.

ఆటలో చచ్చినవాళ్లు మళ్లీ మొదటి ఊళ్లో లేస్తారు. బావ లేస్తూనే ఆ గడిలో నీళ్లు పెట్టుకున్నాడు.

చివరిసారి వేటకు పోయే ముందు ఆడినప్పుడు, సంచిలో చోటు చాలక ఆ సీసా నాకిచ్చాడు. "మళ్లా వచ్చి తీసుకుంటాలే. తాగబాకమ్మా" అన్నాడు. వేట నుంచి వచ్చాడు గానీ, ఆట తెరిచే తీరిక దొరకలేదు.

పెద్దకర్మ అయ్యాక తెరిచాను. బావ పేరు, ఆటలో లేనివాళ్లకు వచ్చే బూడిద రంగులో ఉంది. "మంచి కవచం దొరికింది, సంచిలో చోటు చెయ్యక్కా" అని జట్టువాళ్లు అన్నారు. కవచం వద్దన్నాను. ఆ సీసా పోతే బావ ఇంకోసారి పోయినట్టే అనిపించింది.

నిన్న ఉప్పు ఎడారిలో ముక్కూమొహం తెలియని ఆటగాడెవరో నా ముందు మోకాళ్ల మీద పడ్డాడు. "నీళ్లుంటే ఇవ్వండి" అని రాశాడు. నావి అప్పటికే అయిపోయాయి, ఉన్నవి బావవే. లేవని చెప్పొచ్చు, ఆటే కదా. సంచి తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. ఇచ్చేశాను. గటగటా తాగి, ఒక్క మాటైనా అనకుండా దిబ్బ ఎక్కి పరిగెత్తాడు. అతను కనుమరుగయ్యేదాకా చూస్తూ ఏడ్చాను.

బావి దగ్గరికి చేరగానే, నేను తాగకముందే మూల గడి నింపాను. అదే గడి, అదే నీలం సీసా. బావ ఇచ్చింది మాత్రం కాదు.