పోపులపెట్టెలో బోల్టులు

మొన్న నా కారు రిపేరుకిస్తే, మెకానిక్ కుర్రాడు ఒక్కో బోల్టూ విప్పేముందు ఫోనుతో ఫోటో తీసుకుంటున్నాడు. ఎందుకయ్యా అంటే "మళ్ళీ బిగించేటప్పుడు తికమక పడకుండా సార్" అన్నాడు. నవ్వొచ్చింది. మా మామ్మయితే ఆ ఫోటోలను కూడా సైజులవారీగా సర్దిపెట్టేసేది.

డెబ్బైల చివర్లో, ముదినేపల్లి దగ్గర మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కారు మా నాన్నది. బుద్ధి పుడితే నడిచేది, అలిగితే పెరట్లో ఉండేది. ఆ వేసవిలో అక్క పురిటికి వచ్చింది. బిడ్డ అడ్డంగా ఉందని, నొప్పులు మొదలవగానే బందరు తీసుకురావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సరిగ్గా అప్పుడే కారు పొగ కక్కుతూ కూలబడింది. ఇంకా పది రోజుల గడువుందన్న ధైర్యంతో నాన్న బందరు నుంచి మెకానిక్ సాయిబుగారిని పిలిపించాడు. ఆయన పెరట్లో మూడు సరుగుడు బాదులు నిలబెట్టి, చైను కప్పీ వేలాడదీసి ఇంజను పైకి లేపాడు. ఊరు సగం చూడ్డానికొచ్చింది, వచ్చినవాళ్ళంతా సలహాలిచ్చారు. బోల్టులన్నీ విప్పిన వరసలోనే చాప మీద పేర్చి, "రేపొస్తానండీ, వీటినెవరూ ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్ళాడు. నాన్న ఆ మాట మా అందరికీ చెప్పాడు, మామ్మకి తప్ప. ఇల్లు ఆవిడదే కదా, ఆవిడకి చెప్పాలని ఎవరికీ తోచదు.

తెల్లారి మామ్మ లేచి, నిండు చూలాలు తిరిగేచోట ఈ ఇనపముక్కలేమిటనుకుంది. అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, చిన్నవి చిన్నవీ పెద్దవి పెద్దవీ ఏరి, పాత పోపులపెట్టె గిన్నెల్లో ముచ్చటగా సర్దింది. సాయిబుగారు వచ్చి చూసి, గిన్నెలోంచి ఒక బోల్టు తీసి అటూ ఇటూ తిప్పి, మళ్ళీ అందులోనే పెట్టాడు. "బాగా శుభ్రం చేశారు మామ్మగారూ" అన్నాడు చివరికి. సంగతి తెలిశాక మామ్మ ముఖం చూడలేకపోయాం. రెండు రోజులు ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుని ఒక్కో బోల్టూ అందించింది. ఆయన ఒక్కోదాన్నీ కన్నం కన్నంలోనూ పెట్టి చూసి బిగించాడు.

ఇంజను కారులోకి దిగిన సాయంత్రమే అక్కకి నొప్పులొచ్చాయి. పెట్టెలో ఒక బోల్టు మిగిలిపోయింది.

"ఇదెక్కడిదో తెలీట్లేదండీ. వెతకడానికి టైం లేదు. నేనూ వస్తాను, పోనివ్వండి" అన్నాడు సాయిబుగారు.

మామ్మ ఆ బోల్టును పిడికిట్లో బిగించి అక్క పక్కన కూర్చుంది. దారిలో పెడన దాటేదాకా, కారు కుదిపినప్పుడల్లా అక్క మూలిగేది, మామ్మ పిడికిలి ఇంకాస్త బిగించేది. ఆస్పత్రి లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినిపించాకే మామ్మ పిడికిలి విప్పింది. అరచేతిలో బోల్టు మరలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. "నా చేతుల్తోనే దాన్ని చంపుకునేదాన్నిరా" అని బావురుమంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ రోజు గంటన్నరలో బందరు చేరామని నాన్న గొప్పగా చెప్పేవాడు. మామ్మకి ఆ గంటన్నర ఎంతసేపు పట్టిందో, ఆవిడ వయసుకి వచ్చాక గానీ నాకు తెలియలేదు.